పొట్ట చిన్నదైన తర్వాత



బరువు తగ్గించే ఆపరేషన్‌కు థియేటర్లో పట్టేది గంటన్నర, రెండు గంటలు. ఆసుపత్రిలో ఉండేది రెండు మూడు రోజులు. ఆ తర్వాత డిశ్చార్జి కాగితాలు చేత్తో పట్టుకుని, బెజవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామిడిముక్కల మండలంలో ఏదో ఒక ఊరికి కారులో తిరిగొస్తారు. అసలు పని ఆ ఇంటి వంటగదిలో మొదలవుతుంది. సర్జన్‌ది ఒక్క పూట పని. ఆ చిన్న పొట్టతో మిగిలిన ముప్పై నలభై ఏళ్లు కాపురం చేయాల్సింది ఆ మనిషి, ఆ ఇంటివాళ్లు.

ఆపరేషన్‌కు ముందు ఒకటి, ఏడాది తర్వాత ఒకటి, పక్కపక్కన పెట్టిన ఫొటోలు ఊరూరా హోర్డింగుల మీద కనిపిస్తూనే ఉన్నాయి. ఆ రెండు ఫొటోల మధ్య ఏడాదిలో ఏం జరిగిందో ఆ బోర్డు మీద ఉండదు. ఈ ప్రసంగం ఆ ఏడాది గురించి.

ముందు ఈ ఆపరేషన్ ఏమిటో తెలియాలి. దానికి కాలువ లాకుతో పోలిక చెప్తాను. వీరంకిలాకు పామిడిముక్కల మండలంలోనే ఉంది. కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో లాకు ఏం చేసేదో ఇక్కడి పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎగువ నీరు ఒక్కసారిగా దిగువకు దూకకుండా తలుపులు అడ్డుపెట్టి, మట్టం మెల్లగా సరిచేసి పంపేది. మనిషి జీర్ణాశయం చివర కూడా అలాంటి లాకు ఒకటుంది. తిన్నది మెత్తబడేదాకా ఆపి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదిలే కండరపు తలుపు అది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి, ముప్పాతిక భాగం పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయలా సన్నటి గొట్టం. అందులో పట్టేది సుమారు ఒక టీ గ్లాసు. ఇందులో లాకు అలాగే ఉంటుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ సంగతి వేరు. అక్కడ జీర్ణాశయం పైభాగంలో కోడిగుడ్డంత చిన్న సంచీ మాత్రం మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపేస్తారు. అంటే ఆహారం లాకు గుండా పోదు. పక్క కాలువలో పడి పోతుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే తర్వాత చెప్పే చాలా విషయాలు సులువుగా అర్థమవుతాయి.

స్లీవ్‌లో తీసేసే భాగానికి ఇంకో పని కూడా ఉంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. దాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్నారు. అందుకే ఆపరేషన్ అయినవాళ్లు మొదటి నెలల్లో అసలు ఆకలే వేయడం లేదంటారు. అది వాళ్ల మనోబలమూ కాదు, జబ్బూ కాదు. కొంతకాలానికి ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. ఆలోపు తిండి అలవాట్లు కుదుటపడాలి.

గ్యాస్ట్రిక్ బైపాస్‌ను 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టారు. పేగుపూత జబ్బుకు జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన ఆడవాళ్లు మళ్లీ లావెక్కలేకపోవడం గమనించి, ఆ పనినే స్థూలకాయానికి వాడారు. అప్పట్లో పొట్ట నిలువునా కోసేవారు. ఇప్పుడు లాప్రోస్కోపీతో నాలుగైదు చిన్న రంధ్రాలు చాలు. మన దేశంలో దీని గురించి జనం మాట్లాడుకోవడం మొదలైంది నాయకుల పుణ్యమా అని. 2011లో నితిన్ గడ్కరీ ముంబైలో చేయించుకున్నారు. 2014 సెప్టెంబరులో అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ షుగరు అదుపు కోసం ఢిల్లీలో చేయించుకుని, కొద్ది వారాల్లోనే ఇబ్బందులు వచ్చి ఎయిమ్స్‌లో చేరాల్సి వచ్చింది. కోలుకుని మరుసటి ఫిబ్రవరిలో బడ్జెట్ ప్రవేశపెట్టారు. దేశంలో దొరికే మంచి వైద్యమంతా అందుబాటులో ఉన్న మనిషికి కూడా తొలి వారాలు అంత సున్నితమైనవి.

ఇక్కడ ఒక భయాన్ని విడదీసి చూడాలి. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. అప్పటి నుంచి మన ఊళ్లలో బరువు ఆపరేషన్ అనగానే ఆ పేరే గుర్తుకొస్తుంది. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగేయడం. అది ఆకారం కోసం. దానితో షుగరు తగ్గదు, ఆకలి మారదు. జీర్ణాశయం మీద చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ జబ్బు తగ్గడం కోసం. రెండూ వేరు. ఇందులోనూ ప్రమాదం లేదని కాదు. చేయి తిరిగిన సర్జన్ల దగ్గర ప్రాణాపాయం సుమారు వెయ్యిలో ఒకరికి.

ఎవరికి చేస్తారన్నది కూడా సరదాతో తేలేది కాదు. మన దేశంలో సర్జన్లు చాలాకాలంగా పాటిస్తూ వచ్చిన లెక్క ప్రకారం బాడీ మాస్ ఇండెక్స్ 37.5 దాటాలి. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి జబ్బులుంటే 32.5 చాలు. ఐదడుగుల ఒక అంగుళం ఎత్తున్న మనిషికి మొదటిది సుమారు 90 కిలోలు, రెండోది 78 కిలోలు. ఆరోగ్య బీమా లెక్క ఇంకా గట్టిది. ఇండెక్స్ 40, లేదా తీవ్రమైన జబ్బుతో పాటు 35 ఉండాలని బీమా నియంత్రణ సంస్థ నిబంధన. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి ఈ ఆపరేషన్ అవసరం లేదు. అవసరమైన కొద్దిమందికి మాత్రం దీన్ని మించిన చికిత్స దొరకడం కష్టం.

ఇక ఇంటికి వద్దాం. నలభై రెండేళ్ల ఇల్లాలిని ఊహించుకోండి. 96 కిలోలు, పదేళ్లుగా షుగరు, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేయడం. స్లీవ్ చేయించుకుని నాలుగో రోజు ఇంటికొచ్చింది. ఆమె పక్కన స్టూలు మీద చిన్న స్టీలు గ్లాసు, అందులో మజ్జిగ తేట. ఒక గుక్క తాగాలి, గ్లాసు కింద పెట్టాలి, రెండు నిమిషాలు ఆగాలి. మళ్లీ ఒక గుక్క. ఆ గ్లాసు అయ్యేసరికి అరగంట. రోజంతా ఇదే పని. సాయంత్రానికి లీటరున్నర ద్రవం లోపలికి వెళ్లాలంటే పొద్దున లేచింది మొదలు గుక్క వేస్తూనే ఉండాలి. రెండు గుక్కలు కలిపి మింగితే ఛాతీ మధ్యలో బండరాయి పెట్టినట్టు నొప్పి వస్తుంది. ఆ నొప్పి ఒక్కసారి వస్తే చాలు, తొందరపడకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంతలో గుమ్మంలోంచి అత్తగారి గొంతు: "గుక్కెడు మజ్జిగతో ఎట్లా ఉంటావే అమ్మాయ్? ఒక్క ముద్ద మెత్తగా కలిపి పెడతాను, తిను."

ఆ మాటలో ఉన్నదంతా ప్రేమే. కృష్ణా డెల్టాలో అన్నం పెట్టడం కంటే పెద్ద ఆప్యాయత లేదు. కానీ మొదటి రెండు వారాల్లో ఆ ఒక్క ముద్ద ప్రమాదం. లోపల కుట్లు, స్టేపుల్ పిన్నుల వరస ఇంకా మానలేదు. అందుకే తొలి వారాలు మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, పల్చని సూపు, పాలల్లో కలిపిన ప్రోటీన్ పొడి మాత్రమే. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మెదిపినవి. తర్వాత మెత్తటి ఇడ్లీ, ముల్లు ఏరిన చేప, మెత్తగా ఉడికిన గుడ్డు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని మామూలు తిండి దగ్గరకు రారు. ఆసుపత్రినిబట్టి ఈ తేదీలు అటూ ఇటూ అవుతాయి. డైటీషియన్ రాసిచ్చిన కాగితమే చివరి మాట.

తొలి పది రోజుల్లో కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇంట్లో కూర్చోకూడదు. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి లేదా ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం. ఇవి కుట్లలోంచి లోపలికి కారుతోందనడానికి గుర్తులు కావచ్చు. పిక్క వాచి నొప్పెడితే కాలి రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనని చూడాలి. పొద్దున చూద్దాంలే అనుకునే సమయం కాదది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. గడ్డ కట్టకుండా ఉండాలంటే ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచే నాలుగడుగులు వేయాలి. ఇంటికొచ్చాక మంచం మీదే పడుకోబెట్టి సేవలు చేయడం మేలు చేయదు. ఉదయం, సాయంత్రం కాలువగట్టు మీద నడిపిస్తే చాలు.

ఈ ఇల్లాలి షుగరు మందుల విషయంలో కూడా తొందరే. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందిలో షుగరు రోజుల్లోనే దిగిపోతుంది. బరువు ఇంకా తగ్గకముందే దిగుతుంది. పేగు హార్మోన్లలో వచ్చే మార్పు దీనికి ఒక ముఖ్య కారణం. అమెరికాలో వాల్టర్ పోరీస్ బృందం 1995లో దీనిపై రాసిన వ్యాసానికి "ఎవరు ఊహించారు?" అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. ఇది సంతోషించాల్సిన సంగతే. కానీ పాత మోతాదులోనే ఇన్సులిన్ పొడుచుకుంటూ, పాత మాత్రలే వేసుకుంటూ పోతే, గుక్కెడు మజ్జిగ తాగే మనిషికి షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది. బీపీ మాత్రలదీ అదే దారి. డాక్టరు మోతాదు మార్చాకే పాత సీసాలు తీయాలి. ఇంట్లో షుగరు చూసుకునే మిషన్ ఉండాలి.

ఇప్పుడు ఈ ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం.

ఆపరేషన్ అయిన రెండు మూడు నెలల్లో కొందరికి వాంతులు పట్టుకుంటాయి. తొందరగా తినడం వల్ల కావచ్చు, గొట్టం బిగుసుకుపోవడం వల్ల కావచ్చు. రోజూ వాంతులే. మనిషి నీరసిస్తుంది. అప్పుడు డెల్టాలో ఏ ఇంట్లోనైనా చేసే పని ఒకటే. దగ్గర్లోని ఆర్‌ఎంపీ డాక్టరుకు కబురు పెట్టి, ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించడం. గ్లూకోజు ఎక్కిస్తే ఓపిక వస్తుందన్న నమ్మకం మన ఊళ్లలో అంత గట్టిది. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది.

తిన్న పిండి, చక్కెర శరీరంలో శక్తిగా మారాలంటే విటమిన్ బి1, అంటే థయమిన్ కావాలి. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వారాల తరబడి వాంతులైతే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, మిగిలిన కాస్త బి1 కూడా ఆ గ్లూకోజు కరిగించడానికే ఖర్చైపోతుంది. మెదడు, నరాలు దెబ్బతింటాయి. ఎదుటివి రెండుగా కనిపించడం, తూలుతూ నడవడం, మాట తడబడటం, మతి తప్పినట్టు ప్రవర్తించడం. కాళ్లు తిమ్మిరెక్కి, మండి, లేవలేకపోతారు. సమయానికి బి1 ఇంజెక్షన్ ఇస్తే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

ఈ జబ్బు ఈ నేలకు కొత్తది కాదు. నూరేళ్ల కిందట దీని పేరు బెరిబెరి. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి గట్టిగా పాతుకుపోయిన ప్రాంతం ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే కృష్ణా, గోదావరి డెల్టాలు ఉన్న మన కోస్తానే. ఆనకట్ట కట్టాక నీళ్లొచ్చాయి, వరి పండింది, రైసు మిల్లులొచ్చాయి. తవుడు పూర్తిగా పోయేదాకా పాలిష్ పట్టిన తెల్లటి పచ్చిబియ్యం అన్నం మర్యాదకు గుర్తైంది. తవుడుతో పాటు బి1 కూడా పోయింది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఈ జబ్బు అంతగా లేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు బి1 గింజ లోపలికి దిగుతుంది కాబట్టి. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టారు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఇప్పుడున్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన దేశ పోషకాహార పరిశోధనకు పుట్టుక తెల్లన్నంతో వచ్చిన జబ్బు.

అప్పుడు బియ్యం మర వల్ల వచ్చిన లోటు, ఇప్పుడు ఆపరేషన్ తర్వాత వాంతుల వల్ల వస్తోంది. అదే నేల, అదే విటమిన్. అందుకే ఈ మాట ఆపరేషన్ అయిన మనిషి కంటే ముందు ఊరి ఆర్‌ఎంపీకి, మందుల షాపు కుర్రాడికి, ఆశా కార్యకర్తకు తెలియాలి. పొట్ట ఆపరేషన్ అయిన మనిషికి వాంతులు తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ కూడా గ్లూకోజుకు ముందు బి1.

విటమిన్ల విషయం అంతటితో అయిపోదు. బైపాస్‌లో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తగలకుండా పోతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది అక్కడే. బి12 పట్టడానికి జీర్ణాశయంలో ఊరే పదార్థం ఒకటి కావాలి, అదీ తగ్గిపోతుంది. స్లీవ్‌లోనూ కొంతవరకు ఇంతే. కాబట్టి మల్టీవిటమిన్, ఇనుము, కాల్షియం, విటమిన్ డి, బి12 ప్రాణమున్నంత కాలం తీసుకోవాలి. ఇనుము, కాల్షియం కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. వాటి మధ్య రెండు గంటలు ఎడముండాలి. ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పదు. ఈ మాత్రల్లో ఉండే ఫోలిక్ ఆసిడ్ వెనక కూడా మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తోబుట్టువును స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టని జబ్బది. ఆ సుబ్బారావే తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసి చూపారు. ఒంటికి పట్టకపోవడమనే బాధ ఎలాంటిదో ఆయనకు ఇంట్లోనే తెలుసు. ఆపరేషన్ అయి రెండేళ్లకు "బాగానే ఉన్నాను కదా" అని మాత్రలు మానేసేవాళ్లే ఎక్కువ. రక్తహీనత, ఎముకలు గుల్లబారడం వాళ్లకే వస్తాయి.

ఇక పళ్లెంలోకి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి, అదీ టీ గ్లాసంత పొట్టతో. లెక్క కట్టి చూడండి. రెండు గుడ్లలో 12 గ్రాములు. గ్లాసు పాలలో 8. కప్పు పెరుగులో 6. గుప్పెడు కందిపప్పులో 6. ఒక పెద్ద చేపముక్కలో 18. యాభై గ్రాముల పనీరులో 9. మొత్తం 59, దాదాపు సరిపోయినట్టే. ఇవన్నీ ఆరు చిన్న పూటలుగా పంచుకోవాలి. అంటే పళ్లెంలో ముందు చేప, పప్పు తినాలి, తర్వాత కూర, చివర్లో చోటుంటే అన్నం. మన భోజనం క్రమానికి ఇది తలకిందులు. శాకాహారులకు ఇది ఇంకా కష్టం. అన్నం మొదట్లో చాలామందికి ముద్దలా ఇరుక్కుంటుంది. దివిసీమ చేపలు, చెరువుల్లోని బొచ్చెలు, సార్వా తర్వాత చేలల్లో పండే మినుములు, పెసలు ఈ ప్రాంతానికి దేవుడిచ్చిన సొత్తు. వాటిని పళ్లెం మధ్యకు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు. తిన్న అరగంటకు తాగాలి. ముద్దను ఇరవై ముప్పైసార్లు నమలాలి.

ఇక్కడ లాకు సంగతి మళ్లీ. బైపాస్ అయినవాళ్లు ఉయ్యూరు రోడ్డు పక్క చెరుకు రసం ఒక గ్లాసు తాగినా, ఒక బందరు లడ్డు తిన్నా, తీపి మొత్తం ఒక్కసారిగా పేగులోకి దూకుతుంది. గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనాలు, కళ్లు తిరగడం. దీన్నే డంపింగ్ అంటారు. అరగంట పడుకుంటే తగ్గుతుంది గానీ ఆ భయం మాత్రం పోదు. స్లీవ్ అయినవాళ్లకు లాకు ఉంది కాబట్టి ఈ బాధ తక్కువ. కానీ వాళ్లకు ఇంకో చిక్కు. చెరుకు రసం, కూల్‌డ్రింకు, ఐస్‌క్రీము, జంతికలు లాంటివి చిన్న పొట్టలోంచి కూడా జారిపోతాయి. చేపముక్క ఒకటి తినలేని మనిషి రోజంతా కొంచెం కొంచెంగా వీటిని లాగించగలదు. తగ్గిన బరువు మళ్లీ వచ్చేది ఈ దారిలోనే.

మద్యం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. బైపాస్ తర్వాత సారా గానీ విస్కీ గానీ చాలా వేగంగా రక్తంలోకి పోతుంది, ఎక్కువసేపు ఉంటుంది. మునుపు రెండు పెగ్గులకు ఎక్కని మత్తు ఒక్కదానికే ఎక్కుతుంది. బైపాస్ తర్వాత రెండో ఏడాదిలో మద్యానికి బానిసయ్యేవాళ్లు పెరుగుతున్నారని అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2012లో జామా పత్రికలో చూపింది. తిండితో తీర్చుకున్న బాధ సీసా వైపు మళ్లడం కూడా ఇందులో ఉంది. ఫుట్‌బాల్ దిగ్గజం మారడోనా 2005లో కొలంబియాలో బైపాస్ చేయించుకుని ఎంతో సన్నబడ్డాడు. ఆయనకు అంతకుముందే మత్తు వ్యసనాలున్నాయి. 2007లో మద్యం వల్ల కాలేయం దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. 2015లో మళ్లీ బరువు ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ఆపరేషన్ జీర్ణాశయాన్ని మార్చింది, ఆ మనిషి బాధను మాత్రం తాకలేదు. ఇంట్లో మగవాళ్లు ఆపరేషన్‌కు వెళ్లే ముందు తాగుడు సంగతి డాక్టరుతో దాచకుండా చెప్పాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు కూడా మానాలి. మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు బైపాస్ అయినవాళ్లకు కొత్త అతుకు దగ్గర పుండ్లు తెస్తాయి.

మూడో నెలకు ఇల్లాలి జడ పల్చబడుతుంది. దువ్వెనకు కుచ్చుకుచ్చులుగా జుట్టు వస్తుంటే బరువు తగ్గిన సంతోషమంతా ఆవిరైపోతుంది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు జుట్టు రాలడం సహజం. ప్రోటీన్, ఇనుము సరిగా అందితే ఆరు నెలలు, ఏడాదికి మళ్లీ వస్తుంది. అప్పటికి చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటాయి. జాకెట్లకు రెండోసారి, మూడోసారి కుట్లు పట్టించుకుంటుంది. ఏడాది తిరిగేసరికి 96 కిలోల మనిషి 72 దగ్గరికి రావచ్చు. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతుంది. అది వ్యాయామంతో పూర్తిగా పోదు. దాన్ని చూసి కుంగిపోయేవాళ్లున్నారు. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ కుంగుబాటు సగం తగ్గేది. త్వరగా బరువు తగ్గడం వల్ల పిత్తాశయంలో రాళ్లు వస్తాయని డాక్టర్లు ఆరు నెలల పాటు ఒక మాత్ర రాస్తారు. దాన్ని మరవకూడదు.

పిల్లల కోసమే ఈ ఆపరేషన్ చేయించుకునే అమ్మాయిలూ ఉన్నారు. పీసీఓడీతో నెలసరి తప్పి, ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్లు. బరువు తగ్గగానే నెలసరి సరిపడి, గర్భం త్వరగానే నిలవచ్చు. అయితే ఆపరేషన్ అయిన ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ కాలంలో తల్లికే పోషణ చాలదు, బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది? బైపాస్ అయినవాళ్లకు గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. వేరే పద్ధతి డాక్టరును అడగాలి. అత్తింటివాళ్లు, పుట్టింటివాళ్లు ఈ ఏడాదిన్నర "ఎప్పుడమ్మా శుభవార్త?" అని అడగకుండా ఉండగలిగితే ఆమెకు అదే పెద్ద సాయం.

ఊళ్లో మాటలు కూడా కోలుకోవడంలో భాగమే. "ఏం జబ్బు చేసిందమ్మా, ఇంత చిక్కిపోయావు?" అని ఒకరు. "ఉపవాసం ఉంటే తగ్గేదానికి కోతలెందుకు?" అని ఇంకొకరు. ఈ జిల్లాలో నిమ్మరసం, కొబ్బరినూనె డయట్లు ఊరూరా తిరిగిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఏ పద్ధతితో తగ్గినవాళ్లకు అదే మంత్రమనిపిస్తుంది. ఆపరేషన్ చేయించుకున్న మనిషి సోమరి అనే ముద్ర మాత్రం అన్యాయం. ఇరవై ఏళ్లుగా అన్ని డయట్లూ చేసి, ప్రతిసారీ తగ్గినదంతా తిరిగొచ్చాకే చాలామంది ఈ దారి పట్టారు. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో 4,047 మందిని ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్ అయినవాళ్లలో మరణాలు తక్కువని 2007లో తేలింది. ఇది అందం కోసం చేసిన పని కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పెళ్లి భోజనాల్లో కొసరి కొసరి వడ్డించేవాళ్లను ఆపడం మన దగ్గర మర్యాద కాదు. ఆపరేషన్ అయినవాళ్లు విస్తరి ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, విస్తరి నిండా వదిలేసి లేస్తే పక్కవాళ్లు నొచ్చుకుంటారు. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని "ఆవిడకు ఆపరేషన్ అయింది, చాలు" అని ఒక్క మాట చెప్తే సరిపోతుంది. కార్తీక సోమవారాలు, శ్రావణ శుక్రవారాలు, రంజాను ఉపవాసాలు ఈ డెల్టాలో పెద్ద నిష్ఠ. తొలి ఏడాది నీళ్లు కూడా ముట్టని ఉపవాసం వద్దనే డాక్టర్లు చెప్తారు. ఆ ఏడాదికి చుక్క తీర్థంతో దేవుడు సరిపెట్టుకుంటాడు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా 2025లో మన దేశానికొచ్చాయి. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. ఆపరేషన్ తర్వాత కొంత బరువు తిరిగొచ్చినవాళ్లకు కూడా వీటిని వాడుతున్నారు. ఇవి ఆపేస్తే బరువు మళ్లీ రావచ్చు. ఏది ఎవరికన్నది డాక్టరు తేల్చాల్సిన విషయం. ఏదైనా సరే, చివరకు మిగిలేది పళ్లెం, నడక, మాత్రల డబ్బా.

చివరగా శ్రోతలకు ఒక మనవి. మీ ఇంట్లో గానీ, మీ చుట్టాల్లో గానీ ఎవరైనా ఈ ఆపరేషన్ చేయించుకుని ఉంటే, ఈ రోజే ఒక కాగితం తీసుకోండి. ఆపరేషన్ పేరు స్లీవో బైపాసో, చేసిన తేదీ, సర్జన్ ఫోన్ నంబరు రాయండి. కింద పెద్ద అక్షరాలతో ఇంకో వాక్యం రాయండి: "వాంతులైతే గ్లూకోజుకు ముందు విటమిన్ బి1 ఇవ్వాలి." ఆ కాగితాన్ని మందుల డబ్బా మూతకు అంటించండి. ఊరి ఆర్‌ఎంపీకి ఒకసారి చూపించండి.